అమ్మమ్మగారి ఊరు లేని పిల్లలు

1896 ఆగస్టులో న్యూయార్క్ నగరం పది రోజుల పాటు కుతకుత ఉడికింది. వడదెబ్బకి వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది ఇరుకు అద్దె వాటాల్లో కాపురముండే కూలీలూ, వాళ్ల పిల్లలూ. గదుల్లో గాలాడక డాబాల మీద పడుకుని, నిద్రలో దొర్లి కిందపడి చనిపోయినవాళ్లు కూడా ఉన్నారు. అప్పట్లో నగర పోలీసు కమిషనర్‌గా ఉన్న థియోడోర్ రూజ్‌వెల్ట్ పేదల పేటల్లో ఐసుగడ్డలు ఉచితంగా పంచే ఏర్పాటు చేశాడు. ఐదేళ్ల తర్వాత ఆయనే అమెరికా అధ్యక్షుడయ్యాడు.

ఆ పేటలన్నిట్లోకీ కిక్కిరిసినది లోయర్ ఈస్ట్ సైడ్. 1881లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత అక్కడి యూదుల మీద దాడులు మొదలయ్యాయి. ఆ భయానికి ఆకలి తోడై, ఉన్నదమ్ముకుని ఓడలెక్కినవాళ్లు వచ్చి దిగిన పేట ఇది. 1881 నుంచి 1924 దాకా తూర్పు ఐరోపా నుంచి అమెరికా చేరిన యూదులు 20 లక్షల పైమాటే. వాళ్లలో చాలామందికి కుట్టుపనే జీవనాధారం. వంటగదే పనిచోటు, రాత్రికి అదే పడకగది. పిల్లల ఆటస్థలం వీధి.

వేసవి సెలవులిస్తే మన పిల్లల్ని అమ్మమ్మగారి ఊరికి పంపేవాళ్లం. చెరువు, మామిడితోట, ఆరుబయట నులకమంచం, రాత్రిళ్లు కథలు. లోయర్ ఈస్ట్ సైడ్ పిల్లలకి ఆ వీల్లేదు. వాళ్ల అమ్మమ్మగారి ఊరు అట్లాంటిక్ మహాసముద్రానికి అవతల ఉండిపోయింది. ఇంక తిరిగి వెళ్లే దారి లేదు. యూదు మగపిల్లల వేసవి శిబిరం ఈ ఖాళీలోంచే పుట్టింది. పుట్టించినవాళ్ల ఉద్దేశం ఒకటి, అది చివరికి చేసిన పని ఇంకొకటి.

శిబిరం అనే ఆలోచన యూదులది కాదు. 1861లో కనెటికట్ రాష్ట్రంలోని ఒక బడి పంతులు ఫ్రెడరిక్ విలియం గన్ తన విద్యార్థుల్ని దాదాపు 40 మైళ్లు నడిపించి సముద్రపు ఒడ్డున రెండు వారాలు గుడారాల్లో ఉంచాడు. అమెరికన్ వేసవి శిబిరాల చరిత్ర అక్కడి నుంచే మొదలుపెట్టడం ఆనవాయితీ. 1881లో ఎర్నెస్ట్ బాల్చ్ అనే కాలేజీ కుర్రాడు న్యూహాంప్‌షైర్‌లో ఒక సరస్సు మధ్య ద్వీపంలో షొకోరువా శిబిరం పెట్టాడు. డబ్బున్నవాళ్ల పిల్లలు సెలవుల్లో హోటళ్లలో కూర్చుని చెడిపోతున్నారని ఆయన బెంగ. అందుకని ఆ శిబిరంలో నౌకర్లుండరు. వంట దగ్గర్నుంచి అంట్లు తోమడం దాకా పిల్లలే చేసుకోవాలి. 1885లో వైఎంసీఏ తరఫున సమ్నర్ డడ్లీ ఏడుగురు కుర్రాళ్లతో మరో శిబిరం ప్రారంభించాడు. ఇదంతా ధనికుల, మధ్యతరగతి క్రైస్తవుల లోకం. పేదపిల్లల కోసం 1877లో ఫ్రెష్ ఎయిర్ ఫండ్ పుట్టింది. పల్లెల్లోని కుటుంబాలు నగరపు పిల్లల్ని కొన్నాళ్లు తమ ఇళ్లలో ఉంచుకుంటాయి. అయితే మాంసం ఎలాంటిదో, ఏ పాత్రలో వండారో చూసుకుని తినే ఇంటి పిల్లవాణ్ణి, పంది మాంసం వండి యేసు ప్రార్థన చేసే పల్లెటూరి ఇంటికి ఏ యూదు తల్లి పంపుతుంది?

ఆ తల్లికి జవాబు నగరపు ఎగువ పేటల్లోంచి వచ్చింది. అక్కడుండేవాళ్లూ యూదులే. కాకపోతే ఒకటి రెండు తరాల ముందు జర్మనీ నుంచి వచ్చి, వ్యాపారాల్లో స్థిరపడి, ఇంగ్లీషు మాట్లాడే పెద్దమనుషులు. ఓడ దిగుతున్న ఈ కొత్త బంధువుల గడ్డాలూ, యిడ్డిష్ మాటలూ, వీధి బేరాలూ వాళ్లకి తలవంపులుగా ఉండేవి. జాలి కూడా ఉండేది. రెండూ కలిసి 1889లో ఎడ్యుకేషనల్ అలయన్స్ అనే సంస్థగా రూపు కట్టాయి. మొదటి అధ్యక్షుడు ఇసిడోర్ స్ట్రాస్, మేసీస్ దుకాణాల యజమానుల్లో ఒకరు. తర్వాత 1912లో టైటానిక్‌తో పాటు మునిగిపోయినవాళ్లలో ఆయనా, ఆయన భార్యా ఉన్నారు. ఇంగ్లీషు తరగతులు, పౌరశాస్త్రం, వ్యాయామశాల, స్నానపు గదులు, చదువుకోడానికి గ్రంథాలయం: ఓడ దిగినవాణ్ణి వీలైనంత త్వరగా అమెరికన్‌ని చెయ్యడమే ఆ సంస్థ పని. మొదట్లో అక్కడ యిడ్డిష్ భాషకి చోటే లేదు.

ఆ సంస్థే 1902లో హడ్సన్ నది ప్రాంతంలో, న్యూయార్క్‌కి ఉత్తరాన సుమారు 60 మైళ్ల దూరంలో, కోల్డ్ స్ప్రింగ్ దగ్గరి కొండల్లో గుడారాలు వేసింది. పక్కనున్న సరస్సు పేరే శిబిరానికి పెట్టారు: సర్‌ప్రైజ్ లేక్ క్యాంప్. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న అతి పాత యూదు శిబిరాల్లో అదొకటి. వచ్చేది మగపిల్లలు. ఉండేది కొద్దికాలం. తిండి, నిద్ర, ఈత, ఆట. బరువు పెరిగి, ఎండకి కాస్త రంగు తేలి ఇంటికి వెళితే శిబిరం పని నెరవేరినట్టే.

ఆ తొలినాళ్లలో కొండెక్కినవాళ్లలో ఒక అనాథ ఉన్నాడు. రెండు మూడేళ్ల వయసుకే తల్లీ తండ్రీ పోతే అమ్మమ్మ ఎస్తేర్ పెంచింది. అమ్మమ్మ ఉంది, అమ్మమ్మగారి ఊరే లేదు. ఇళ్లలో పనికి అమ్మాయిల్ని కుదిర్చిపెట్టి, వచ్చిన దాంతో ఆవిడ మనవణ్ణి సాకింది. ఆ మనవడు వీధుల్లో పాటలు పాడుతూ, వేషాలు వేస్తూ తిరిగేవాడు. శిబిరంలో నెగడు చుట్టూ కూర్చున్న పిల్లల ముందు అవే వేషాలు వేస్తే అందరూ పడీపడీ నవ్వారు. ఆ కుర్రాడే తర్వాత బ్రాడ్‌వే వేదికనీ, రేడియోనీ, సినిమానీ ఏలిన హాస్యనటుడు ఎడ్డీ కాంటర్. పేరొచ్చాక శిబిరాన్ని మరిచిపోలేదు. పేదపిల్లల్ని అక్కడికి పంపడానికి ఏళ్ల తరబడి విరాళాలు పోగుచేశాడు.

డబ్బున్న యూదులకైనా దారి తిన్నగా లేదు. 1877లో న్యూయార్క్ బ్యాంకరు జోసెఫ్ సెలిగ్మన్ కుటుంబంతో సహా సరటోగాలోని గ్రాండ్ యూనియన్ హోటల్‌కి వెళితే, యూదులకి గదులివ్వమని వెనక్కి పంపారు. పత్రికల్లో పెద్ద గొడవైంది. గొడవ చల్లారాక బుద్ధి రావాల్సింది పోయి, ఇంకెన్నో హోటళ్లు, క్లబ్బులు, శిబిరాలు అదే బాట పట్టాయి. దాంతో స్థితిమంతులైన యూదులు తమ కుర్రాళ్ల కోసం మెయిన్ రాష్ట్రంలో, అడిరాండాక్ కొండల్లో, విస్కాన్సిన్ సరస్సుల దగ్గర సొంత శిబిరాలు పెట్టుకున్నారు. 1910లో మెయిన్‌లో విగ్వామ్, 1915లో విస్కాన్సిన్‌లో కవాగా అలా వచ్చినవే. కవాగా పెట్టింది బెర్నార్డ్ ఎరెన్‌రైక్ అనే రబ్బీ, అంటే యూదు మత గురువు. ఇక్కడ కొద్దికాలం కాదు, ఎనిమిది వారాలు. పిల్లలు పెట్టెలు సర్దుకుని రైలెక్కితే మళ్లీ ఇల్లు చూసేది బడి తెరిచే ముందే.

ఆ పేర్లు చూడండి. మతగురువు పెట్టిన శిబిరానికి కూడా రెడ్ ఇండియన్ పేరే. ఎర్నెస్ట్ థాంప్సన్ సీటన్ 1902లో మొదలుపెట్టిన వుడ్‌క్రాఫ్ట్ ఇండియన్స్ ఉద్యమం ప్రభావంతో అమెరికా శిబిరాలన్నీ ఈకల తలపాగాలు, మండలి నెగడు, గణాల పేర్లతో నిండిపోయాయి. అసలు ఆదివాసుల పిల్లల్ని అదే కాలంలో పెన్సిల్వేనియాలోని కార్లైల్ లాంటి బడుల్లో పెట్టి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే దండించేవాళ్లు. అమెరికన్ అనిపించుకోవాలని తహతహలాడే యూదు కుర్రాడు ఈ నేల మొదటి మనుషుల వేషం కట్టుకున్నాడు. ఆ మొదటి మనుషుల్ని మాత్రం ఆ వేషం విప్పెయ్యమన్నారు. ఈ వైరుధ్యం గురించి శిబిరాలు గట్టిగా ఆలోచించడానికి వందేళ్లు పట్టింది.

శిబిరంలో రోజు బాకాతో మొదలయ్యేది. జెండా ఎగరేయడం, పక్కలు సర్దడం, తనిఖీ, తర్వాత ఈత. ఈతకి జంట పద్ధతి. ప్రతివాడికీ ఒక జతగాడు. ఈల వినపడగానే ఇద్దరూ చేతులు పట్టుకుని పైకెత్తాలి. ఎత్తని జంట ఉంటే నీళ్లలో వెతుకులాట మొదలు. యూదులకి ఈత కేవలం ఆట కాదు. తండ్రి కొడుక్కి నేర్పవలసినవాటిలో వేదాధ్యయనం లాంటి తోరా చదువూ, ఒక చేతిపనీ ఉన్నాయని చెబుతూ తల్ముద్ గ్రంథం ఈతనీ చేర్చింది. ఊపిరాడని గదుల్లో పద్నాలుగు గంటలు కుట్టుపని చేసే తండ్రికి ఆ విధి నెరవేర్చే తీరికేదీ? అది శిబిరం మీద పడింది.

వేసవి చివర్లో వచ్చేది రంగుల యుద్ధం. మొత్తం శిబిరాన్ని రెండుగా చీలుస్తారు, సాధారణంగా నీలం ఒకవైపు, తెలుపు ఇంకోవైపు. అప్పటిదాకా ఒకే గదిలో పడుకున్నవాళ్లు ప్రత్యర్థులవుతారు. ఎప్పుడు మొదలవుతుందో ముందు చెప్పరు. అర్ధరాత్రి అగ్నిమాపక బండి గంటలు కొట్టుకుంటూ రావచ్చు, ఆకాశంలోంచి విమానం కరపత్రాలు జల్లవచ్చు. ఆ ప్రకటన ఎంత అనూహ్యంగా ఉంటే అంత గొప్ప. తర్వాత కొన్ని రోజులు పరుగులు, పడవలు, బేస్‌బాల్, మాట్లాడకుండా భోజనం చేసే పోటీ. రెండు కర్రల మధ్య ఎత్తుగా కట్టిన తాడు తెగేదాకా కింద మంట రాజేసే పోటీకి శిబిరమంతా చుట్టూ మూగుతుంది. ఆఖరి రాత్రి మాత్రం కండబలానికి పనిలేదు. ఒక్కో జట్టూ తమ కుర్రాళ్లు రాసి బాణీ కట్టిన పాటలు పాడాలి. మైదానంలో నెగ్గుకొచ్చిన జట్టు పాటల్లో ఓడి మొత్తం పోటీయే పోగొట్టుకున్న సందర్భాలు ప్రతి శిబిరమూ చెప్పుకుంటుంది.

పాటకీ, నాటకానికీ ఇంత విలువ ఎందుకు? రాత్రిళ్లు పొద్దుపోవాలి, వానొస్తే పిల్లల్ని కట్టెయ్యాలి, తల్లిదండ్రులొచ్చే రోజున ఏదో ఒకటి చూపించాలి. ఈ అవసరాలే అమెరికా సంగీత నాటకరంగానికి పాఠశాలలయ్యాయి. 1916లో విగ్వామ్ శిబిరంలో ఉన్న 14 ఏళ్ల రిచర్డ్ రోజర్స్ నెగడు రోజుల మీద ఒక పాట కట్టాడు. తర్వాత ‘ఓక్లహోమా!’కీ, ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’కీ సంగీతమిచ్చిన రోజర్స్ తొలి పాట అదే. 1930లో అదే విగ్వామ్‌కి 11 ఏళ్ల జె.డి. సాలింజర్ వెళ్లాడు. ‘క్యాచర్ ఇన్ ది రై’ రాసిన ఆయన 1965లో అచ్చేసిన చివరి కథ మొత్తం, శిబిరం నుంచి ఏడేళ్ల పిల్లవాడు ఇంటికి రాసిన పొడవాటి ఉత్తరమే.

1937లో మసాచుసెట్స్‌లోని ఒనోటా అనే బాలుర శిబిరంలో సంగీతం నేర్పడానికి 18 ఏళ్ల కుర్రాడొకడు కుదిరాడు. పేరు లెనార్డ్ బెర్న్‌స్టైన్. జూలై 11న జార్జ్ గెర్ష్విన్ చనిపోయాడన్న వార్త వచ్చేసరికి అక్కడ తల్లిదండ్రుల సందర్శన దినం, భోజనాల హడావుడి. బెర్న్‌స్టైన్ పియానో దగ్గరికి వెళ్లి సంగతి చెప్పి, చప్పట్లు కొట్టవద్దని కోరి, గెర్ష్విన్ ప్రెల్యూడ్ ఒకటి వాయించాడు. ఆ వేసవిలోనే అక్కడ ఆడిన ‘పైరేట్స్ ఆఫ్ పెంజాన్స్’లో దొంగల రాజు వేషానికి అడాల్ఫ్ గ్రీన్ వచ్చాడు. ఆ పరిచయం 1944లో బ్రాడ్‌వే మీద ‘ఆన్ ది టౌన్’ అయింది.

తల్లులు కొడుకుల్ని ఊరు దాటించడానికి ఇంకో భయం కూడా పనిచేసింది. 1916 వేసవిలో ఒక్క న్యూయార్క్‌లోనే పోలియో 2,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎక్కువమంది పసివాళ్లే. ఆ తర్వాత ప్రతి వేసవీ ఈతకొలనులూ, సినిమా హాళ్లూ అనుమానంతో చూడవలసిన చోట్లయ్యాయి. కొండమీది శిబిరం రక్షగా కనిపించేది. కాకపోతే లోపల ఒక్క పిల్లవాడికి జ్వరమొచ్చినా గేట్లు మూసెయ్యాల్సిందే. 1938లో పోలియో పరిశోధనకి నిధులు కూడబెట్టాలని అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంస్థ పెట్టినప్పుడు, జనం తలా పది సెంట్ల నాణెం వైట్‌హౌస్‌కి పంపే ఉద్యమానికి ‘మార్చ్ ఆఫ్ డైమ్స్’ అని పేరు సూచించింది సర్‌ప్రైజ్ లేక్ వేషగాడు ఎడ్డీ కాంటరే. ఆ నాణేల ఊతంతో 1955లో టీకా తెచ్చిన జోనాస్ సాల్క్, న్యూయార్క్ యూదు వలస కుటుంబపు బిడ్డ.

ఇంతవరకూ చెప్పిన శిబిరాల్లో యూదు మతం పాలెంత? శుక్రవారం సాయంత్రం ప్రార్థన, కొన్నిచోట్ల ఆచారం ప్రకారం వంట. అంతకుమించి పెద్దగా లేదు. మతం ఇంట్లో, పేటలో, తాతగారి గొంతులో ఎలాగూ ఉంది కదా. శిబిరం దాన్నుంచి కాస్త గాలి పీల్చుకునే చోటు. ఆ లెక్క 1920లలో తారుమారైంది. 1924 చట్టంతో అమెరికా వలసలకి తలుపులు దాదాపుగా మూసేసింది. కొత్త తాతలు రావడం ఆగిపోయింది. ఇక్కడ పుట్టిన కుర్రాళ్లు బేస్‌బాల్ లెక్కలు తడుముకోకుండా చెబుతున్నారు. హీబ్రూ ప్రార్థన చదవమంటే మాత్రం తెల్లమొహం వేస్తున్నారు. సాయంత్రం బడి అయ్యాక నడిపే మత పాఠశాలంటే వాళ్లకి చిరాకు.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవాడు సామ్సన్ బెండర్లీ. పాలస్తీనాలోని సఫేద్‌లో పుట్టి, వైద్యం చదవడానికి బాల్టిమోర్ వచ్చి, ఆ వృత్తి వదిలి పిల్లల చదువులో పడ్డాడు. 1910లో న్యూయార్క్ యూదు విద్యా విభాగానికి అధిపతి అయ్యాడు. చేస్తూ నేర్చుకోవాలనే జాన్ డ్యూయీ సిద్ధాంతం కొలంబియా విశ్వవిద్యాలయంలో మారుమోగుతున్న రోజులవి. బెండర్లీ శిష్యుల్లో ఒకడైన ఆల్బర్ట్ స్కూల్మన్ 1919లో సెజ్విన్ శిబిరాన్ని, 1922లో సహచరులతో కలిసి మెయిన్‌లో మోడిన్ శిబిరాన్ని నెలకొల్పాడు. వారానికి కొన్ని గంటల తరగతిలో బోధించలేనిది, కొన్ని వారాలు కలిసి బతికితే అబ్బుతుందని వాళ్ల నమ్మకం.

అక్కడినుంచి దారి మళ్లింది. 1941లో ష్లోమో షుల్సింగర్ మొదలుపెట్టిన మస్సాద్ శిబిరంలో పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా హీబ్రూయే. బేస్‌బాల్ కూడా హీబ్రూలోనే ఆడాలి. ప్రాచీన ప్రవక్తల భాషలో బేస్‌బాల్ మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? శిబిరమే పుట్టించి, నిఘంటువు అచ్చేసింది. అవతల ఐరోపాలో యూదుల ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోతున్నాయి. యుద్ధం ముగిసి లెక్క తేలాక, తమ సంప్రదాయానికి మూలమైన ఊళ్లే లేవని తెలిశాక, అమెరికా యూదులకి శిబిరం విలాసంగా కనిపించలేదు. 1947లో విస్కాన్సిన్‌లో మొదటి రామా శిబిరం తెరిచారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ పేరుతో దేశమంతా శిబిరాలు వెలిశాయి.

ఆటల కోసమే పెట్టిన బాలుర శిబిరాల్లోకి కూడా ఈ గాలి వీచింది. శుక్రవారం పొద్దు వాలగానే పిల్లలు స్నానాలు చేసి తెల్లబట్టలు కట్టుకుంటారు. సరస్సు ఒడ్డున దుంగల మీద కూర్చుని, వారపు విశ్రాంతి దినమైన సబ్బాత్‌కి స్వాగతం పాడతారు. జడలా అల్లిన హల్లా రొట్టె విరుస్తారు. భోజనమయ్యాక చెప్పే కృతజ్ఞతా ప్రార్థనలో ఎక్కడెక్కడ బల్ల గుద్దాలో ప్రతి శిబిరానికీ దాని లెక్క దానికుంది. శనివారం నక్షత్రాలు పొడిచాక అల్లిన కొవ్వొత్తి వెలిగించి, సుగంధ ద్రవ్యాల వాసన చూసి సబ్బాత్‌కి వీడ్కోలు చెప్పే హవ్దాలా చాలా ఇళ్లలో మాయమైపోయి, శిబిరంలో ప్రాణం పోసుకుంది. తమ రెండు ప్రాచీన ఆలయాలు నేలమట్టమైన రోజుగా యూదులు ఉపవాసముండే తిషా బ’ఆవ్ జూలై, ఆగస్టుల్లో వస్తుంది. బడి సెలవుల్లో పడటంతో పిల్లలకి దాని సంగతే తెలిసేది కాదు. శిబిరంలో ఆ రాత్రి దీపాలు తగ్గించి, నేలమీద కూర్చుని విలాప గ్రంథం చదివితే, జీవితాంతం గుర్తుండే రోజు అదే అయ్యేది. రంగుల యుద్ధాన్ని కూడా చాలాచోట్ల ‘మక్కబియా’గా మార్చారు. 1932లో టెల్ అవీవ్‌లో జరిగిన యూదు క్రీడోత్సవం నుంచి తెచ్చుకున్న పేరది.

అందరికీ అది స్వర్గం కాదు. ఇంటిబెంగతో రాత్రంతా ఏడ్చినవాళ్లున్నారు. బంతి పట్టలేని కుర్రాడికి, లావుపాటి కుర్రాడికి అక్కడ నరకమే. ఆ గోడు 1963లో నవ్వుల పాటైంది. అలన్ షెర్మన్ తన కొడుకు శిబిరం నుంచి రాసిన ఫిర్యాదుల ఉత్తరాల ఆధారంగా, పొంకియెల్లి బాలే సంగీతం బాణీలో ‘హలో ముడ్డా, హలో ఫడ్డా’ పాడితే అమెరికా అంతా మోగి, గ్రామీ బహుమతి కూడా వచ్చింది. ఇక ఖర్చు సంగతి. పేదల కోసం పుట్టిన శిబిరానికి ఇప్పుడు మధ్యతరగతి తల్లిదండ్రులు కూడా ఉపకార వేతనాల కోసం దరఖాస్తు పెట్టుకోవలసి వస్తోంది. మగపిల్లలకే పరిమితమైన శిబిరాలు చాలావరకు ఆడపిల్లలకి తలుపులు తెరిచాయి. సర్‌ప్రైజ్ లేక్ కూడా వాటిలో ఒకటి. మేరీలాండ్‌లో 1924లో వచ్చిన ఎయిరీ, మసాచుసెట్స్‌లో 1927లో వచ్చిన అవోదా వంటివి కొన్ని మాత్రం బాలుర శిబిరాలుగానే సాగుతున్నాయి. ఎయిరీకి అక్కలాంటి లూయీస్ ఆడపిల్లల శిబిరం రెండేళ్లు ముందే, 1922లోనే మొదలైందని కూడా చెప్పుకోవాలి.

సర్‌ప్రైజ్ లేక్‌కే 1950లలో పాడటానికి వచ్చాడు జానపద గాయకుడు పీట్ సీగర్. ఆయన కాపురం పక్క ఊళ్లోనే. శిబిరం పిల్లలు కొందరు తాము రాసుకున్న పాటలు ఆయనకి వినిపించారు. పాటలు మనలాంటివాళ్లు కూడా రాయొచ్చా అని ఆశ్చర్యపోయిన 16 ఏళ్ల బ్రూక్లిన్ కుర్రాడు ఇంటికెళ్లి గిటార్ పట్టాడు. అతను నీల్ డైమండ్. గిటార్ మరో దారి కూడా పట్టింది. సంస్కరణవాద యూదుల శిబిరాల్లో డెబ్బీ ఫ్రీడ్మన్ కట్టిన బాణీలు పిల్లల వెంట ఊళ్లకొచ్చి, ప్రార్థనా మందిరాల్లో ఆర్గన్‌ని పక్కకి జరిపాయి. 2011లో ఆవిడ పోయాక హీబ్రూ యూనియన్ కాలేజీ తన సంగీత విద్యాలయానికి ఆవిడ పేరే పెట్టింది. మందిరం నుంచి శిబిరానికి వెళ్లాల్సిన పాట ఎదురు నడిచి వచ్చిందన్నమాట.

శిబిరాన్ని నిలబెట్టినది సరస్సో నెగడో అనుకోవడం సులువు. కాస్త దగ్గరగా చూస్తే, దాన్ని నడిపేది పిల్లలే. పదేళ్లవాడికి పక్క దులపడం, ప్రార్థనలో బల్ల గుద్దడం, జట్టు పాట పాడటం నేర్పేది రబ్బీ కాదు, తండ్రి కాదు. నాలుగైదేళ్ల కిందటి దాకా అదే గదిలో పడుకుని, ఇప్పుడు జీతం మీద వచ్చిన పద్దెనిమిదేళ్లవాడు. ఆ చిన్నవాడికి అతనే హీరో. అతను తెల్లబట్టలు కట్టుకుంటే వీడూ కట్టుకుంటాడు. ఎడ్యుకేషనల్ అలయన్స్ పెద్దలు గుడారాలు వేసినప్పుడు యూదు కుర్రాణ్ణి అమెరికన్‌ని చెయ్యడానికి ఖర్చు పెట్టారు. ఆ పని బడి, వీధి, బేస్‌బాల్ ఎలాగూ చేసిపెట్టేవి. వాళ్ల డబ్బుతో జరిగినది వేరు: తాత నుంచి మనవడికి అందడం ఆగిపోయిన సంప్రదాయానికి, అన్న నుంచి తమ్ముడికి అందే కొత్త దారి పడింది. శిబిరం కోసమే మిగతా పది నెలలూ బతుకుతామని చెప్పుకునే పిల్లలు ఆ దారి మీద ఇప్పటికీ బస్సులెక్కుతూనే ఉన్నారు.